బండి ఇంకా మీ నాయన పేరు మీదే ఉందా, అల్లుడా?

అల్లుడా, పిల్లోడు పదో తరగతి బాగా పాసయినాడని మీ అమ్మ ఫోను చేసి చెప్పింది. చాలా సంతోషం. వాడి నెత్తిన చెయ్యి పెట్టి నా దీవెన చెప్పు. అదే ఫోనులో ఇంకో మాట కూడా చెప్పింది. తిరుపతిలో ఇంటర్లో చేర్చినాక కాలేజీకి పోయి రావడానికి మీ నాయన బండి వాడి చేతికి ఇచ్చేస్తానన్నావంట. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. మేనమామగా అడ్డం పడే హక్కు నాకుందనుకుని ఇది రాస్తున్నాను. చిత్తూరు కోర్టులో గుమాస్తాగా బతుకంతా ఫైళ్లు మోసినవాణ్ణి. ఆ ఫైళ్లలో దుర్మార్గులవి కొన్నే. ఎక్కువ భాగం మనలాంటి వాళ్లవి, 'ఏముందిలే, తర్వాత చూద్దాం' అని ఒక చిన్న పనిని పక్కన పెట్టినవాళ్లవి.

ముందు పిల్లోడి సంగతి. వాడికి పదహారు. గేర్ల బండికి పద్దెనిమిది నిండందే లైసెన్సు రాదు. పదహారు నిండితే 50 సీసీ లోపు, గేర్లు లేని బండికి మాత్రమే ఇస్తారు. మీ నాయన బండి ఆ లెక్కలోకి రాదు. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు 199ఏ అని ఒక సెక్షను చేర్చినారు. మైనరు బండి నడిపి నేరం చేస్తే, తప్పు వాణ్ణి పెంచేవాళ్లదీ, బండి ఎవరి పేరు మీద ఉంటే వాళ్లదీ అని చట్టం ముందే ఎంచుతుంది. నాకు తెలియకుండా తీసుకుపోయినాడనో, నేను ఆపినా వినలేదనో రుజువు చేసుకోవాల్సింది పెద్దవాళ్లే. శిక్ష మూడేళ్ల దాకా జైలు, దాంతోపాటు 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషను పన్నెండు నెలలు రద్దు. పిల్లోడికి ఇరవై అయిదేళ్లు నిండేదాకా లైసెన్సు ఇవ్వరు. రేపు వాడు చదువు ముగించి ఉద్యోగానికి పోయే వయసంతా ఆ ఇరవై అయిదు లోపలే ఉంది, చూసుకో. తాళాలు ఇచ్చేది నువ్వు, బండి మీ నాయనది. డెబ్బై దాటిన మనిషిని బోనెక్కించాలని నీకు లేదు, నాకు తెలుసు. అట్లాంటప్పుడు ఆ తాళాలు రెండేళ్లు బీరువాలో పెట్టు. కాలేజీకి ఆర్టీసీ పాసు తీసివ్వు.

ఇన్సూరెన్సు ఉంది కదా మామా అంటావు. ఉండొచ్చు. లైసెన్సు లేనివాడు నడిపినప్పుడు ఇన్సూరెన్సు కంపెనీ ముందు దెబ్బ తిన్నవాళ్లకు కట్టి, తర్వాత ఆ మొత్తం బండి ఓనరు దగ్గర రాబట్టుకోవచ్చు. 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చూపిన దారి అది. రాబట్టడం అంటే జీతం మీదికో, ఇంటి మీదికో, మామిడి తోపు మీదికో రావడమే. అట్లా తోపు జప్తుకొచ్చిన కాగితాలు నా చేతుల మీదుగా పోయినాయి. ఆ ఇంటి ఆడమనిషి కోర్టు వరండాలో కూర్చుని, 'మా పిల్లోడు ఒక్క కిలోమీటరే కదయ్యా పోయింది' అని అడుగుతుంటే బెంచీ మీదున్న మేము ఏం చెప్పగలం.

వాడికి పద్దెనిమిది నిండినాక ఎల్ఎల్ఆర్ తీసుకోనీ, నేర్చుకోనీ, లైసెన్సు తెచ్చుకోనీ. అప్పుడు బండి నేనే కొనిస్తాను, హెల్మెట్టుతో సహా. హెల్మెట్టు లేకుంటే 1,000 రూపాయలు జరిమానా, మూడు నెలలు లైసెన్సు నిలిపేసే అధికారం కూడా చట్టంలో ఉంది. ముగ్గురెక్కినా అంతే. వెనక కూర్చునేవాళ్లకు కూడా హెల్మెట్టు తప్పనిసరి. మన ఆడవాళ్లు జడలో పూలు నలుగుతాయని పెట్టుకోరు. కోడలికి ఈ మాట నా పేరు చెప్పి చెప్పు, నీ పేరు చెప్పొద్దు, నా మాటయితే వింటుంది.

తిరుపతి రోడ్ల సంగతి నీకు తెలియందా? లీలామహల్ సర్కిలు కాడ, కరకంబాడి రోడ్డులో, అలిపిరికి పోయే దారిలో ఊరివాళ్ల కంటే బయటి బండ్లే ఎక్కువ. ఎవరు ఎక్కడ ఆగుతారో, ఎటు తిరుగుతారో వాళ్లకే తెలియదు. స్వామి దర్శనం చేసుకుని రాత్రంతా నిద్ర లేకుండా తిరిగి వెళ్లే డ్రైవర్లు ఉంటారు. పెరటాసి నెలలో చిత్తూరు వైపు నుంచీ పుత్తూరు వైపు నుంచీ అరవనాడు భక్తులు పసుపు బట్టలు కట్టుకుని రాత్రి పూట రోడ్డు పక్కనే గుంపులుగా నడిచొస్తారు. ఆ నెలలో రాత్రి పూట బండి తీస్తే స్పీడు సగానికి తగ్గించు. దేవుడి కోసం నడిచేవాళ్ల ప్రాణం మన చేతిలో ఉంటుంది. కొండ మీదికి పోయేటప్పుడు పై దారిలో 28 నిమిషాలకు, కిందికి దిగేటప్పుడు 40 నిమిషాలకు ముందే చేరితే జరిమానా వేసే పద్ధతి దేవస్థానం పెట్టింది ఎందుకనుకున్నావు? మొదటి ఘాట్ రోడ్డు 1944లో తెరిచినారు, ఆ మలుపులు ఆనాటి బండ్ల కోసం వేసినవి. దిగేటప్పుడు బ్రేకు తొక్కుతూ పోతే వేడెక్కి పట్టు తప్పుతుంది. గేరులోనే దించాలి. ఇది మొగిలి ఘాటుకూ అంతే, భాకరాపేట ఘాటుకూ అంతే. ఆ రెండు చోట్లా ఎన్ని ఇళ్ల దీపాలు ఆరినాయో మన జిల్లాలో తెలియనివాళ్లు లేరు.

చలానా వచ్చిందంటే దాన్ని దాచిపెట్టొద్దు. నీ బండి నంబరు కొట్టి ప్రభుత్వ ఈ-చలానా సైటులో నువ్వే చూసుకో. ఫోటో కూడా ఉంటుంది. తప్పు నీదయితే కట్టెయ్. నీది కాదని ఫోటో చూస్తేనే తెలుస్తోందంటే అక్కడే అభ్యంతరం పెట్టుకోవచ్చు, కోర్టులోనూ చెప్పుకోవచ్చు. వాట్సాపులో 'మీ బండికి చలానా పడింది, ఇది నొక్కండి' అని వచ్చేదాన్ని మాత్రం ముట్టుకోవద్దు. అది నొక్కి, అందులోంచి దిగిన యాప్ వల్ల బ్యాంకు ఖాతా ఖాళీ అయినవాళ్లు చాలామంది. లైసెన్సు, ఆర్సీ డిజిలాకర్లో ఉంటే పోలీసులు ఫోనులో చూసినా చెల్లుతుంది. ఆపినప్పుడు ఎమ్మెల్యే పేరో, బంధువు ఎస్సై పేరో చెప్పొద్దు నాయనా. కాగితం సక్రమంగా ఉన్నవాడికి ఇంకొకడి పేరుతో పని లేదు. చేతిలో నూటో రెండు నూర్లో పెట్టి పోవడం ఇంకా పెద్ద తప్పు, రసీదు లేని డబ్బు ఇవ్వొద్దు.

కళ్ల ముందు ప్రమాదం జరిగితే ఆగు. పోలీసులు తిప్పుతారని భయపడి పోవద్దు. సాయం చేసినవాణ్ణి వేధించకూడదని, పేరు చెప్పమని బలవంతం చెయ్యకూడదని ఇప్పుడు చట్టంలోనే ఉంది, 134ఏ సెక్షను. దెబ్బ తిన్నవాళ్లకు మొదటి ఏడు రోజుల్లో లక్షన్నర రూపాయల దాకా నగదు లేకుండా వైద్యం చేసే పథకాన్ని కేంద్రం 2025 మే నెలలో తెచ్చింది. ఈ సంగతి తెలియక మనోళ్లు ఆసుపత్రి వాకిట్లో నిలబడి అప్పు కోసం ఫోన్లు చేస్తుంటారు. ఇక నష్టపరిహారం దావా. ఆరు నెలల్లోపు వెయ్యాలని 2022 నుంచి గడువు పెట్టినారు. ఆ గడువు మీద సుప్రీంకోర్టులో వాదం నడుస్తూనే ఉంది గానీ, మనం దాన్ని నమ్ముకుని ఆలస్యం చెయ్యకూడదు.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్న దగ్గరికి వస్తాను. మీ అమ్మతో మాట్లాడుతూ, 'ఆ బండి ఎవరి పేరు మీదుందే' అని అడిగినాను. 'బావ పేరు మీదే కదా, మార్చలేదు' అనింది. నువ్వు నడపబట్టి ఎన్నేళ్లయింది? నాలుగు రోజులు ఆఫీసుకు సెలవు పెట్టే పని కూడా కాదది. 29, 30 ఫారాల మీద మీ నాయన సంతకం, నీ సంతకం, ఇన్సూరెన్సు కాగితం, అంతే. చేతులు మారిన పద్నాలుగు రోజుల్లోపు ఆర్టీఓకు చెప్పాలని చట్టం. అమ్మేసిన బండికి కూడా ఇదే. డబ్బు తీసుకుని తాళాలిచ్చి ఆర్సీ మార్చకుండా వదిలేస్తే, ఆ బండి ఎవరినైనా గుద్దినప్పుడు ఆర్సీలో ఎవరి పేరుంటే వాళ్లే ఓనరు అని 2018లో సుప్రీంకోర్టు నవీన్ కుమార్ కేసులో తేల్చేసింది. కాగితంలో నీ పేరుంటే బండి నీ వాకిట్లో లేకపోయినా నీదే.

మీ నాయన నూరేళ్లు ఉండాలి. అయినా చట్టం ఏం చెప్తుందో చెప్తాను విను. ఓనరు పోయినాక ఆ బండి నడిపే వారసుడు ముప్పై రోజుల్లో ఆర్టీఓకు తెలపాలి, మూడు నెలల్లో 31వ ఫారం పెట్టి పేరు మార్పించుకోవాలి. అప్పుడు మరణ ధ్రువపత్రం కావాలి, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్టు కావాలి, మిగతా వారసుల ఒప్పుదల కావాలి. మోటారు సైకిలుకే ఇంత ఉంటే, మామిడి తోపుకు ఎంత ఉంటుందో ఆలోచించు. పిల్లోడి బండి పేరు చెప్పి నేను వీలునామా దాకా వచ్చింది అందుకే.

మీ నాయన వీలునామా మాటెత్తితే కోపగించుకుంటాడని నాకు తెలుసు. 'నేనెప్పుడు పోతానా అని చూస్తా ఉండారా' అంటాడు. నలభై ఏళ్లకు పైగా బావను ఎరిగినవాణ్ణి, ఆ కోపం వెనక భయం ఉంది. రాస్తే చావు దగ్గరికొస్తుందని మన పల్లెల్లో పెద్దవాళ్ల నమ్మకం. రెండోది ఇంకో రకం భయం, రాసిస్తే పిల్లలు తనను చూడరేమోనని. ఆ రెండో భయం న్యాయమైనదే. అందుకే నేను వీలునామానే రాయమంటున్నాను, సెటిల్‌మెంటు దస్తావేజు వద్దంటున్నాను. సెటిల్‌మెంటు రిజిస్టరు చేసిన రోజే ఆస్తి చెయ్యి జారిపోతుంది. చూసుకోవాలన్న షరతుతో రాసిచ్చి ఉంటే, పిల్లలు చూడకపోతే 2007 నాటి వృద్ధుల పోషణ చట్టం కింద ఆర్డీఓ దగ్గరికి పోయి దాన్ని రద్దు చేయించుకోవచ్చు, నిజమే. కానీ ముసలి వయసులో కొడుకు మీద అర్జీ పట్టుకుని తిరగాల్సిన గతి ఏ తండ్రికీ రాకూడదు. వీలునామా అట్లా కాదు. బతికున్నన్ని రోజులూ తోపు ఆయనదే, పాసుపుస్తకం ఆయనదే, మనసు మారితే చించేసి ఇంకొకటి రాసుకోవచ్చు. ఆఖరున రాసిందే చెల్లుతుంది. ఈ మాట నువ్వు చెప్తే స్వార్థం అనుకుంటాడు. నేను చెప్తాను.

రాయకుండా పోతే ఏమవుతుంది? 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆయన సొంతంగా సంపాదించింది కొడుకులకూ, కూతుళ్లకూ, భార్యకూ, ఆయన తల్లికీ సమానంగా పోతుంది. తల్లికి కూడా అన్నాను, విన్నావా? మీ జేజి తొంభై దాటి ఇంకా వాకిట్లో కూర్చుని ఉంది. ఆమెకూ వంతు ఉంది. ఆ వంతు ఆమె తర్వాత ఆమె బిడ్డలందరికీ, అంటే మీ చిన్నాయనలకూ మీ అత్తలకూ పోతుంది. ఇది ఎవరికీ గుర్తుండదు. దశదినం ముగిసిన తర్వాత, పంపకాలకు కూర్చున్నాక ఎవరో ప్లీడరు చెప్తే అప్పుడు ఇల్లు రెండవుతుంది.

ఇక మీ అక్క. 'ఆడబిడ్డకు కట్నం ఇచ్చి పంపినాం, ఇంకేం హక్కు' అనే మాట నీ నోట రాదని నా నమ్మకం. కానీ మీ చిన్నాయన నోట విన్నాను. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు కొడుకుతో సమానంగా హక్కు ఉందని దేశమంతా 2005లో చట్టం వచ్చింది. మన ఆంధ్రప్రదేశ్‌లో అంతకు ఇరవై ఏళ్ల ముందే, రామారావు ముఖ్యమంత్రిగా ఉండగా, 1985 సెప్టెంబరు 5 నుంచి ఆ హక్కు వచ్చింది. దేశానికి దారి చూపింది మనవాళ్లు, దాన్ని మన ఇళ్లలోనే అమలు చెయ్యకపోతే ఎట్లా? అప్పట్లో ఆ తేదీకి ముందే పెళ్లయినవాళ్లను పక్కన పెట్టినారు. 2005 చట్టం ఆ తేడా తీసేసింది. 2005లో ఆ చట్టం వచ్చేనాటికి తండ్రి బతికి ఉండాల్సిన పనిలేదని 2020 ఆగస్టులో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరయిన పంపకాలను మాత్రం తిరగదోడరు. కాబట్టి పదకొండో నాడు ఏడుస్తున్న ఆడబిడ్డ చేతికి హక్కు విడుదల కాగితం ఇచ్చి 'సంతకం పెట్టమ్మా' అనే పని మన ఇంట్లో జరగకూడదు. ఇష్టపడి వదులుకుంటే అది ఆమె పెద్ద మనసు. ఆ మాట ఆమె నోటి నుంచి రావాలి, మనం అడగకూడదు. పెళ్లిలో పసుపు కుంకుమ కింద అర ఎకరా ఇచ్చినామని మీ నాయన అంటుంటాడు కదా, అది నోటిమాటగానే ఉంది. స్థిరాస్తి దానం రిజిస్టరు కాగితం లేకుండా చెల్లదు. దాన్ని ఇప్పుడయినా ఆమె పేరు మీద రాయించమను.

మన పక్క నెల్లూరు జిల్లాలో తులసమ్మ అనే ఆమె ఉండేది. 1931లో భర్త పోయినాడు. ఉమ్మడి కుటుంబం, ఆస్తి భర్త సవతి సోదరుడు శేషారెడ్డి చేతిలో ఉండిపోయింది. తిండికీ బట్టకూ మనోవర్తి ఇప్పించమని 1944లో నెల్లూరు మునసబు కోర్టుకెక్కింది. 1949లో రాజీ కుదిరి కొంత ఆస్తి ఇచ్చినారు, బతికున్నంతకాలం అనుభవించవచ్చు, అమ్మకూడదని షరతు. ఆమె కొంత లీజుకిచ్చింది, కొంత అమ్మింది. శేషారెడ్డి 1961లో దావా వేసినాడు. అది పైకి పైకి పోయి 1977 మార్చి 17న సుప్రీంకోర్టులో ముగిసింది. ఆ ఆస్తి తులసమ్మకే పూర్తిగా చెందుతుంది, షరతు చెల్లదు అని తీర్పు. దేశంలో లా చదివే ప్రతి పిల్లా ఆ తీర్పు చదువుతుంది, ఎంతోమంది ఆడవాళ్లకు ఆ తీర్పు అండ అయింది. నేను ఆ తీర్పును నెత్తిన పెట్టుకుంటాను. అయినా ఆమె కోర్టు మెట్లెక్కిన 1944 నుంచి 1977 దాకా లెక్కేసి చూడు. ఒక ఆడమనిషి బతుకు అందులోనే పోయింది. ఆ మొదటి రోజే ఆ ఇంట్లో ఎవరయినా ఒక మంచి మాట అనుకుని, కాగితం మీద పెట్టి ఉంటే బాగుండునని నా బాధ. మీ అక్కనూ నిన్నూ తలుచుకున్నప్పుడల్లా నాకు ఆ తులసమ్మ గుర్తొస్తుంది.

వీలునామాలో ఏం రాయాలో చెప్తాను, మన సీమలో ఎవరూ రాయని సంగతి ముందు చెప్తాను. బోరు. నాలుగెకరాల తోపు చెరి రెండెకరాలు అని రాసేస్తారు. బోరు ఎవరి ముక్కలో పడుతుంది? ఎనిమిది వందల అడుగులు తవ్వితే పడిన నీళ్లు అవి. కరెంటు సర్వీసు ఎవరి పేరు మీద ఉంటుంది? మోటారు కాలిపోతే ఎవరు ఎంత పెట్టాలి? వంతు నీళ్లు రోజు మార్చి రోజా, పగలు ఒకరికీ రాత్రి ఒకరికీనా? వెనక ముక్కకు బాట ఎటు నుంచి? కాయలు దించే కాలంలో ట్రాక్టరు రావాలంటే బాట ఎన్ని అడుగులుండాలి? గట్టు మీది చింతచెట్టు ఎవరిది? ఈ ప్రశ్నలకు జవాబు లేని వీలునామాలు చిత్తూరు కోర్టులో గుట్టలుగా చూసినాను. భూమి కోసం కొట్టుకున్నవాళ్ల కంటే బోరు కోసం కొట్టుకున్నవాళ్లే ఎక్కువ. దామలచెరువు మండీకి కాయలు తోలుకుపోయే దారిని అన్న మూసేస్తే, తమ్ముడి పంట చెట్టు మీదే మాగిపోయిన సంవత్సరం నాకింకా గుర్తుంది. ఇద్దరూ చెడ్డవాళ్లు కారు. ఇద్దరి దగ్గరా వీలునామా నకలు ఉంది. అందులో 'బాట' అనే మాట లేదు.

కాబట్టి సర్వే నంబర్లు, చెక్కుబంది, విస్తీర్ణం, బోరు, సర్వీసు నంబరు, బాట వెడల్పు, చెట్లు, అన్నీ ఉండాలి. పాసుపుస్తకంలోని నంబరూ రీసర్వేలో ఇచ్చిన కొత్త నంబరూ సరిచూసుకోవాలి. పైముక్క సర్కారు ఇచ్చిన డీకేటీ పట్టా కదా, అది వారసులకు పోతుంది గానీ, అమ్మకానికి 1977 నాటి అసైన్డు భూముల చట్టం అడ్డం ఉంది. 2023లో కొంత సడలించినారు, వివరం తాసిల్దారు ఆఫీసులో కనుక్కుందాం. తిరుపతిలో మీ నాయన కొన్న ప్లాటు గురించి నాకు ఒక దిగులు ఉంది. హథీరాంజీ మఠం భూముల పక్కన అది. ఈసీ, అదే ఎన్‌కంబరెన్సు సర్టిఫికెట్టు, తీసి చూడు, రిజిస్ట్రేషను నిషేధించిన 22ఏ జాబితాలో ఆ సర్వే నంబరు ఉందేమో చూడు. మనది కాని దాన్ని వీలునామాలో రాసి పిల్లల మధ్య పంచితే, లేని ఆస్తి కోసం ఉన్న ప్రేమ చెడుతుంది.

రాసే పద్ధతి కష్టం కాదు. స్టాంపు పేపరు అక్కర్లేదు, తెల్లకాగితం చాలు. తెలుగులోనే రాయండి, ఆయనకు చదివితే అర్థమయ్యే తెలుగులో. ప్రతి పేజీ కింద సంతకం, ఆఖర్లో తేదీ. ఆయన సంతకం పెట్టడం చూసిన ఇద్దరు సాక్షులు ఆయన ముందే సంతకాలు పెట్టాలి. 1925 నాటి వారసత్వ చట్టం 63వ సెక్షను అడిగేది ఇదే. సాక్షులు కనీసం ఇద్దరు, వయసులో చిన్నవాళ్లయితే మేలు, ఎందుకంటే రేపు వివాదం వస్తే వాళ్లలో ఒక్కరయినా కోర్టుకొచ్చి చెప్పాలి. వీలునామాలో ఏదయినా దక్కేవాళ్లు సాక్షులుగా ఉండొద్దు. నువ్వు ఆ గదిలో కూడా ఉండొద్దు, అల్లుడా. లబ్ధి పొందేవాడు దగ్గరుండి రాయించినాడంటే అనుమానానికి అదే మొదలు. రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు గానీ, సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో చేయించుకుంటే మంచిది. ఎవరికీ తెలియకూడదనుకుంటే సీలు వేసిన కవరులో పెట్టి జిల్లా రిజిస్ట్రారు దగ్గర దాచుకునే వీలు కూడా ఉంది. ఆ రోజు డాక్టరు ఒకరు 'స్పృహలో ఉన్నాడు, మనసు నిలకడగా ఉంది' అని రాసిస్తే బలం. వేలూరు ఆసుపత్రిలో మంచం మీద తీసుకున్న వేలిముద్రల మీద ఎన్ని పోట్లాటలు జరిగినాయో చూసినవాణ్ణి కాబట్టి చెప్తున్నాను, ఆరోగ్యంగా నడిచి తిరుగుతున్నప్పుడే రాయాలి. ఎవరికయినా తక్కువ ఇస్తుంటే ఎందుకో ఒక వాక్యం రాయాలి. కారణం లేని తక్కువే మనసుకు ఎక్కువ గుచ్చుకుంటుంది.

ప్రొబేటు అనే మాట విని భయపడుతుంటారు. కోర్టు వీలునామాను చూసి 'ఇది నిజమైనదే' అని ముద్ర వేసివ్వడం, అంతే. మన చిత్తూరు, తిరుపతి ఆస్తులకు హిందువులు రాసే వీలునామాకు అది ఎప్పుడూ తప్పనిసరి కాదు. మద్రాసు నగరంలో ఇల్లున్నవాళ్లకు మాత్రం తప్పేది కాదు. నగరి, పుత్తూరు, సత్యవేడు వైపు అట్లాంటి కుటుంబాలు చాలా ఉన్నాయి, ఒక ఇంటి కోసం మద్రాసు హైకోర్టు చుట్టూ తిరిగినవాళ్లు. 2025 డిసెంబరులో పార్లమెంటు ప్రొబేటును తప్పనిసరి చేసిన 213వ సెక్షనును తీసేసింది. మీ అత్త వాళ్లకు మాంబళంలో ఇల్లుంది కదా, ఈ సంగతి వాళ్లకు చెప్పు. పక్కింటి బాషా భాయి అడిగితే, వాళ్ల ధర్మంలో వారసుల ఒప్పుదల లేకుండా మూడో వంతుకు మించి వీలునామా రాయడానికి లేదని చెప్పు, వాళ్ల లెక్క వేరు.

బ్యాంకులో నామినీగా నీ పేరుంటే ఆ డబ్బు నీదని అనుకోవద్దు. నామినీ డబ్బు తీసుకుని వారసులకు పంచాల్సినవాడు. 2025 నవంబరు నుంచి నలుగురి దాకా నామినీలుగా పెట్టుకోవచ్చు. మీ అమ్మ పేరు కూడా పెట్టించు. ఆమె చేతిలో నాలుగు రూపాయలు ఉండాలి, ఏ రోజూ కోడలినో కొడుకునో అడిగి తీసుకునే పరిస్థితి నా తోడబుట్టినదానికి రాకూడదు. ఇది నా స్వార్థం అనుకున్నా సరే.

మీ అక్కకు కూడా ఒక మాట. బెంగుళూరులో తన జీతంతో ఫ్లాటు కొనుక్కుంది. పిల్లలు లేరు. వీలునామా లేకుండా ఆమెకేమయినా అయితే, ఆమె సంపాదించుకున్నది ముందు భర్తకు, ఆయన లేకపోతే ఆయన తరఫు వారసులకు పోతుంది. కన్న తల్లిదండ్రుల వంతు ఆ తర్వాతే. అందుకనే 2025 నవంబరులో సుప్రీంకోర్టు ఆడవాళ్లు, ముఖ్యంగా హిందూ స్త్రీలు వీలునామా రాసుకోవాలని కోరింది. నీకూ నలభై దాటినాయి, నువ్వూ రాసుకో. వీలునామా ముసలివాళ్లకే అనుకోవద్దు, ఘాట్ రోడ్డుకు వయసు తెలియదు.

ప్లీడరుకు ఫీజు ఇచ్చుకోలేని మన ఊరివాళ్లు ఎవరయినా నిన్ను అడిగితే, చిత్తూరులో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉందని చెప్పు. ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా ప్లీడరును పెడతారు. 15100కు ఫోను చేసినా దారి చెప్తారు. ఇప్పటికే కేసుల్లో ఇరుక్కున్న అన్నదమ్ములుంటే లోక్ అదాలతుకు పొమ్మను. రాజీ పడితే కట్టిన కోర్టు ఫీజు తిరిగొస్తుంది, దాని మీద అప్పీలు ఉండదు, అక్కడితో తెగిపోతుంది.

వచ్చే ఆదివారం పొద్దున పాకాల ప్యాసింజరుకు నేను వస్తాను. మీ నాయనతో నేను మాట్లాడతాను, నువ్వు మాటెత్తొద్దు. పాసుపుస్తకాలు, పాత దస్తావేజులు, బండి ఆర్సీ, ఇన్సూరెన్సు, అన్నీ ఒక సంచిలో వేసి పెట్టు. సాక్షిగా నన్ను పెట్టుకుందామని మీ నాయన అంటాడు, ఒప్పుకోవద్దు. నాకూ డెబ్బై వచ్చినాయి. మీ వీధి చివర ఇస్కూలు అయ్యవారూ, పాలకేంద్రం అబ్బాయీ ఉన్నారు కదా, ముప్పై అయిదు దాటనివాళ్లు, వాళ్లిద్దరినీ అడుగు. మీ అక్కకు ఈ రాత్రే ఫోను చెయ్యి, శనివారం రైలుకే బయలుదేరమను. ఆమె వచ్చిందాకా కాగితం మీద పెన్ను పెట్టొద్దు.